తువ్వాల కనబడని డబ్బా

ఈశ్వరయ్య మాట మొదలుపెడితే చేతిల చాయ్ చల్లగయ్యేది గాని, మాట చల్లగ కాకపోయేది.

సూరత్‌ల డిండోలి కాడ, రైలు పట్టాల పక్కపొంటి మన తెలుగోళ్ల చాయ్ బండి ఒకటున్నది. డ్యూటి ఎక్కేటోళ్లు, దిగినోళ్లు అక్కడ్నే కలుస్తరు. అందరు సాంచాల మీద, అంటే కరెంటు మగ్గాల మీద, బట్ట నేసేటోళ్లే. ఈశ్వరయ్య ఒక్కడే కంప్యూటరు మనిషి. ముప్పయ్యేండ్ల సంది అదే పని. అంతకుముందు డిజైను అట్టలకు బొక్కలు కొట్టేటోడు. ఏ పోగు లేవాలె, ఏ పోగు పండాలె అన్నది ఆ బొక్కలే సాంచకు చెప్తయి.

"గది సుత ప్రోగ్రామే," అనేటోడు. "అప్పుడు అట్ట మీద రాసిన, ఇప్పుడు అద్దం మీద రాస్తున్న. గంతే."

ఆయన చెప్పని ముచ్చట లేదు. ఫోను మీద, గ్రూపుల మీద, వీడియోల మీద.

"లైకు అంటే ఏందనుకున్నరు? తల ఊపుడు. మనిషి కండ్లు మూసుకొని సుత తల ఊపుతడు."

"మీ పాస్‌వర్డులు నేను అడగకుండ చెప్త. బిడ్డ పేరు, దాని ఎనుక ఒకటి రెండు మూడు. ఔనా కాదా?"

ఇద్దరు ముగ్గురు నేలచూపులు చూసిండ్రు.

"ఇప్పుడు కొత్తది వచ్చింది, అడిగితే అదే రాసిస్తదట. రాస్తది, నేను లేదంట లేను. గాని తప్పు రాస్తే దానికి సిగ్గుండదు. సిగ్గు లేనోని చేతికి పని ఇచ్చి మనం నిద్రపోతమా?"

దశరథ ఈ మాటలకు నవ్వడు, ఊఁ అనడు. సాసర్ల చాయ్ పోసుకొని తాగుతడు. ఈశ్వరయ్యకు సొంత బామ్మర్ది. ఇరవై రెండేండ్లాయె సూరత్ వచ్చి. ఉధనల ఒక సేటు కార్ఖానల పనిచేస్తడు. నలభై ఎనిమిది సాంచాలు ఆ కార్ఖానల.

ఆ కార్ఖానకే ఈశ్వరయ్య ఒక డబ్బా తయారుచేసి పెట్టిండు. సాంచకు ఒకటి. టిఫిను గిన్నెంత ఉంటది. పాత సాంచాలకు కొత్త మోటర్లు బిగించి, మోటరు పగ్గాలు ఆ డబ్బా చేతికిచ్చిండ్రు. ఎన్ని మీటర్లు నేసింది, ఎన్నిసార్లు ఆగింది, అన్ని సేటు ఫోన్ల కనబడతయి. అది మంచిగనే నడిచింది. చూసి ఇంకో ముగ్గురు సేట్లు పెట్టించుకున్నరు.

సేటు కొడుకు ధవల్‌కు అది సాలలేదు. వానికి వీడియోల పిచ్చి. "గురుజీ, చూసుడేంది? ఫోన్లకెళ్లి చాలూ కావాలె. డుమస్ల సముద్రం కాడ నిలబడి ఒక్క వేలు పెడితే నలభై ఎనిమిది సాంచాలు చాలూ అయితయి అని చూపిస్త. దునియ చూస్తది," అన్నడు.

"చూసుడు వేరు, చాలూ చేసుడు వేరు భాయ్," అని ఈశ్వరయ్య చెయ్యి అడ్డం ఊపిండు. "కండ్ల ముందు లేని సాంచను నడపొద్దు. నేను పెట్ట."

వారం దినాలకు ధవల్ ఒక పని చేసిండు. ఈశ్వరయ్య డబ్బా బిగిస్తుంటే తీసిన ఫోటో పెట్టి, కింద ఏందేందో పొగిడి రాసి వదిలిండు. మూడు వేల మంది లైకు కొట్టిండ్రు. లైకంటే తల ఊపుడు అన్న మనిషి, ఆ ఫోటో తీసి తీసి చూసిండు. ఇంట్ల పెండ్లాం ఛాయాదేవికి చూపించిండు. స్నానం చేసి వచ్చి మల్ల చూసిండు. మూడు వేల రెండు వందలాయె.

పది రోజులల్ల ధవల్ ఫోన్ల చాలూ చేసే గుండీ వచ్చింది. ప్రోగ్రాము అందరికి ఒక్కటే కాబట్టి మిగిలిన ముగ్గురు సేట్ల ఫోన్లల్ల సుత వచ్చింది.

"మరి ఆపే గుండీ?" అని ధవల్ అడగనన్న అడగలే. వానికి వీడియోకు కావాల్సింది చాలూ చేసుడే. ఈశ్వరయ్య తనంతట తనే అన్నడు, "ఆపేది వచ్చే వారం పెడత." ఆ వారం పోయింది. ఇంకో వారం పోయింది.

సాంచ పని తెలువనోళ్లకు ఒక మాట చెప్పాలె. పోగులు తెగితే మనిషి సాంచ కిందికి దూరి అతకాలె. తల లోపల్నే, చేతులు లోపల్నే. దూరేముందు భుజం మీది తువ్వాల తీసి సాంచ హ్యాండిలు మీద వేస్తడు. తువ్వాల ఉన్న హ్యాండిలును ఎవ్వడు ముట్టడు. సేటు ముట్టడు, మేస్త్రి ముట్టడు. తోటోడు ఎంత కొట్లాడిన పగోడైనా ముట్టడు. కరెంటు తీసి దూరొచ్చు గద అంటరు. లైనుకు పన్నెండు సాంచాలు, ఒక్కటే స్విచ్చి, లైట్లు సుత దాని మీదనే. ఒక్కని కోసం పన్నెండు ఆపితే పక్కోని పని ఏంగావాలె? అందుకే తువ్వాల. ఈశ్వరయ్య నాయిన సుత నేతపనోడే. ఎనిమిదేండ్లప్పుడు పిల్లగాని చెవు మెలేసి చెప్పిండు, "తువ్వాల చూస్తే చెయ్యి ఎనుకకు కట్టుకో."

డబ్బా వచ్చినంక సుత హ్యాండిలు హ్యాండిలు కాడనే ఉన్నది. తువ్వాలలు దాని మీదనే వేస్తున్నరు. గాని సాంచను తిప్పేది ఇప్పుడు హ్యాండిలు కాదు.

దశరథ ఒకనాడు సాసరు కింద పెట్టి అడిగిండు. "బావా. నీ డబ్బాకు తువ్వాల కనబడతదా?"

చాయ్ బండి కాడ అందరు పక్కున నవ్విండ్రు. ఈశ్వరయ్య ఇంకా ఎక్కువ నవ్విండు.

"కనబడతదిరా. ఏ సబ్బుతోని ఉతికినవో సుత చెప్తది."

దశరథ సాసరు మల్ల చేతిలకు తీసుకున్నడు.

ఐతారం వచ్చింది. సాంచాలకు సెలవు. ధవల్ కారు తీసుకొని వచ్చి ఈశ్వరయ్యను డుమస్‌కు ఎక్కించుకొని పోయిండు. సెలవునాడు ఎందుకంటే, ఆగి ఉన్న సాంచాలు ఒక్కసారి లేస్తే వీడియోల మంచిగుంటదట. కార్ఖానల ఎవ్వరు ఉండరు, ఎవ్వనికి అడ్డం లేదు అన్నడు. ఈశ్వరయ్యకు సుత గట్లనే అనిపించింది. కొత్త అంగీ తొడుక్కున్నడు.

డుమస్ల ఆ పూట ఇసుక కంటే జనమే ఎక్కువున్నరు. నల్లటి ఇసుక. ఒంటెలు, గుర్రాలు, భజియల బండ్లు. పొద్దు ఇంకా మూరెడు పైన్నే ఉన్నది. ధవల్ సముద్రం ఎనుకకు పెట్టుకొని నిలబడి, ఒక ఫోన్ల లైవ్ పెట్టి, ఇంకో ఫోను చేతిల పట్టుకొని మస్తు మాట్లాడిండు. "ఏక్, దో, తీన్!" అని గుండీ ఒత్తిండు.

ఏం కాలే. ఫోన్ల చిన్న చక్రం తిరుగుతుంది. అంత మందికి ఒక్క టవరాయె. లైవ్ సుత ఆగిపోయింది.

"గురుజీ, యే క్యా?" ధవల్ మొఖం మాడ్చుకున్నడు.

ఈశ్వరయ్య టమాట భజియ నమిలుకుంట, జర గర్వంగనే చెప్పిండు. "ఫికర్ చెయ్యకు. నా ప్రోగ్రాము గంత తొందరగ ఇడ్శిపెట్టదు. నువ్వు ఒత్తినవు, అది పట్టుకున్నది. సిగ్నలు దొరకంగనే అదే కార్ఖానకు పంపుతది. గంటకైనా, రెండు గంటలకైనా."

ధవల్ రెండు ఫోన్లు పట్టుకొని సిగ్నలు దేవులాడుకుంట జనంల కలిసిపోయిండు.

అప్పుడు ఈశ్వరయ్య జేబుల ఫోను మోగింది. పాత ఫోను, వేరే కంపెనీ సిమ్ము. ఛాయాదేవి.

"ఏమయ్యా, వచ్చేటప్పుడు భజియలు తే. జర ఎక్కువ తే, తమ్మునికి సుత ఇద్దాం. పాపం పొద్దటిసంది కార్ఖానల్నే ఉన్నడు."

"ఐతారం నాడు కార్ఖానల ఏం పని?"

"పదిహేడో నంబరుల పోగులు తెగినయట, ఒక్కటి కాదు, కుచ్చుకు కుచ్చే తెగినయట. సెలవునాడైతే సప్పుడుండదు, నిమ్మలంగ అతుకుత అన్నడు. సద్ది సుత కట్టిచ్చిన. ఏమయ్యా? ఉన్నవా?"

నోట్లె భజియ అట్లనే ఉండిపోయింది. మింగరాలే, ఊంచరాలే.

"ఛాయా," అన్నడు. "ఇప్పుడే ఆటో ఎక్కు. కార్ఖానకు పో. వాణ్ని సాంచ కిందికెల్లి బయటికి గుంజు. ఎందుకని అడగకు. పో."

"ఏమైందయ్యా?"

"పో అంటున్న గద!"

దశరథకు ఫోను చేసిండు. మోగింది, మోగింది, ఊకుంది. మల్ల చేసిండు. దశరథ ఫోను సద్ది సంచిల ఉంటది, సంచి మేకుకు తలుగేసి ఉంటది, మనిషి సాంచ కింద ఉంటడు. అది ఈశ్వరయ్యకు ఎరుకే. అయినా చేసిండు.

ఇగ ధవల్‌ను పట్టాలె. వాడు సిగ్నలు దొరికే దిక్కు నడుస్తున్నడు. ఒక్కొక్క అడుగు అటే వేస్తున్నడు. ఈశ్వరయ్య ఇసుకల ఉరికిండు. యాభై ఏడేండ్ల మనిషి, చెప్పు ఒకటి ఊడిపోయింది, ఇంకోటి తనే ఇడ్శిపెట్టిండు. ధవల్ అంగీ పచ్చది. చూసిన అంగీలన్ని పచ్చగనే ఉన్నయి. ఒకన్ని భుజం పట్టి తిప్పితే వేరేటోడు. ఒంటె అడ్డం వచ్చింది. ఎవలదో పిల్ల ఏడుస్తుంది. "ధవల్ భాయ్!" అని ఒర్రిండు. సముద్రం గాలి ఆ మాటను నోటికాడనే కొట్టేసింది.

కార్లు నిలిపే కాడ గోడ మీద నిలబడి ఉన్నడు. ఫోను పట్టుకున్న చెయ్యి ఆకాశానికి ఎత్తిండు, సిగ్నలు అందుకోనీకె.

"దించు! చెయ్యి దించు!"

ధవల్ నవ్వుకుంటనే దించిండు. "ఆ గయా గురుజీ, సిగ్నలు వచ్చింది! చూడు, చూడు!"

ఫోన్ల నలభై ఎనిమిది డబ్బాల గళ్లు ఉన్నయి. ఎర్రగ. ఒకటో గడి పచ్చగయ్యింది. జర ఆగి రెండోది. మూడోది. అన్ని ఒక్కసారి లేస్తే కరెంటు తట్టుకోదని, ఒకదానెనుక ఒకటి లేచేటట్టు రాసింది ఈశ్వరయ్యనే. రెండు సెకండ్లకు ఒకటి.

ఫోను గుంజుకున్నడు. ఆపే గుండీ కోసం వేలు పోయింది. వేలికి ఏం తాకలే. వచ్చే వారం పెడత అన్న గుండీ అది.

ఏం చేస్తున్నడో తెలువక విమానం బొమ్మ ఒత్తి ఫోనుకు సిగ్నలు కట్ చేసిండు. గళ్లు పదకొండు దగ్గర ఆగినయి.

ఫోన్ల ఆగినయి. అక్కడ ఆగలే. రాసినోనికి తెలుసు.

పన్నెండు. ఈశ్వరయ్య పెదవులు కదులుతున్నయి. పదమూడు. ధవల్ ఏందో అడుగుతున్నడు. పద్నాలుగు. పదిహేను. చేతులు రెండు ఎనుకకు పోయి ఒకదాన్నొకటి పట్టుకున్నయి, చిన్నప్పుడు నాయిన చెప్పినట్టు. పదహారు.

గోడకు చేరగిలబడ్డడు.

"గురుజీ, తబియత్ ఠీక్ హై?"

"పదిహేడుల మనిషున్నడు," అన్నడు.

ధవల్‌కు మొదలు అర్థం కాలే. అయినంక మొఖంల నెత్తురు లేదు. కారు తీసిండు. హారను మీదికెల్లి చెయ్యి తియ్యలే. ఈశ్వరయ్య ఛాయాదేవికి చేస్తనే ఉన్నడు. ఎత్తుతలేదు. ఎత్తకపోతే దాని అర్థం ఏంది? పోయి చూసిందా? చూసి ఫోను ఎత్తలేకపోతుందా? దశరథ చేతులు యాదికొచ్చినయి. సాసరు పట్టుకునే చేతులు. వేళ్లు సన్నగ, పొడుగ్గ ఉంటయి, తెగిన పోగు ఎక్కడున్నా చూడకుండనే దొరకబడతయి. ఇంటికి నలుగురు ఆ చేతుల మీదనే బతుకుతున్నరు.

కార్ఖాన గల్లీ మలుపుల ఈశ్వరయ్య కారు దిగిండు. చెవులు పెట్టిండు.

సప్పుడు లేదు.

నలభై ఎనిమిది సాంచాలు నడిస్తే గల్లీ వణుకుతది. వణుకుతలేదు. అంటే ఎవలో ఆపిండ్రు. ఎందుకు ఆపుతరు? చూడరానిది చూసినోళ్లే ఆపుతరు. ధవల్ రెక్క పట్టుకొని లోపలికి తీసుకపోయిండు.

గోడకున్న మెయిను స్విచ్చి కింద ఛాయాదేవి కూలబడి ఉన్నది. కొంగు నోట్లె కుక్కుకున్నది. మొగన్ని చూసి లేవలే.

"ఎక్కడ?" అన్నడు ఈశ్వరయ్య.

ఆమె చెయ్యెత్తి చూపించింది.

పదిహేడో నంబరు. హ్యాండిలు మీద నీలం గళ్ల తువ్వాల. సాంచ కింద ఎవ్వరు లేరు. దాని ఎనుక నేల మీద కూసొని దశరథ చెంబుతోని నీళ్లు తాగుతున్నడు. రెండు చేతులతోని పట్టుకున్నడు చెంబు. ఈశ్వరయ్య వేళ్లు లెక్కబెట్టిండు. పది ఉన్నయి.

ఒళ్లో మోటరు బెల్టు. నల్ల పాము లెక్క చుట్ట చుట్టుకొని ఉన్నది.

"బెల్టు గుంజి దూరిన బావా," అన్నడు దశరథ. "ఒకటో నంబరు లేచింది. దెయ్యమనుకున్న. ఎనుక నుంచి ఒక్కొక్కటే లేసుకుంట నా దిక్కే వస్తున్నయి. నేను పోగులల్ల ఇరుక్కుంటి, తొందరల బయటికి రాలే. నాది సుత లేచింది. బెల్టు లేదు గద, మోటరు ఒట్టిగ తిరిగింది, గీడ," అని చెవు పక్కన చెయ్యి పెట్టి చూపించిండు. "అక్క వచ్చి కరెంటు తీసింది."

"బెల్టు ఎందుకు గుంజినవ్‌రా? ఎవ్వలు గుంజరు గద?"

దశరథ బావ మొఖంల మొఖం పెట్టి చూసిండు.

"నువ్వే అంటివి. కొత్తది ఏదొచ్చినా మొదలు ఎట్ల ఆపాలెనో అడగుండ్రి, నడుపుడు తర్వాత అని. చాయ్ బండి కాడ. పోయిన ఎండకాలం. నీ డబ్బాను ఎట్ల ఆపాలెనో నాకు తెలువకపాయె. తువ్వాల కనబడతదా అని అడిగితే నవ్వితివి. అందుకని బెల్టు గుంజుకుంటున్న, రోజు."

ఈశ్వరయ్యకు ఆ మాట అన్నట్టు యాదికి లేదు. ఎంత దేవులాడినా యాదికి రాలే. వంద మాటలల్ల ఒకటి అది. చాయ్ తాగుకుంట అన్నడు, గ్లాసు కింద పెట్టి మరిచిండు.

ఛాయాదేవి లేచి వచ్చింది. మొగని కొత్త అంగీ గుండీలకాడ పట్టుకొని ఒక్కసారి ఊపింది. "నీ నోరు మంచిదయ్యా," అన్నది. "నీ చెయ్యి మంచిది కాదు."

అప్పుడు ధవల్ ఫోను టింగుమన్నది. మల్ల టింగు. టింగు టింగు. విమానం బొమ్మ ఒత్తిన ఫోను కాదు, లైవ్ పెట్టిన ఫోను. డుమస్ల ఆగిపోయిన వీడియో, సిగ్నలు దొరకంగనే దానంతట అదే ఎక్కింది. కింద జనం రాస్తున్నరు. చప్పట్ల బొమ్మలు, దండాలు. ధవల్ చదువుకుంట చదువుకుంట ఆగిండు.

"గురుజీ."

పాండేసరా సేటు రాసిండు. ఈశ్వరయ్య డబ్బాలు పెట్టించుకున్న ముగ్గురిల ఒకడు. 'మా దగ్గర సుత ఉన్నది ఈ మాల్. ఏడింటికి మా లైవ్ చూడండి.'

ఈశ్వరయ్య గోడ గడియారం దిక్కు చూసిండు. ఏడుకు ఇరవై తక్కువ.

మిగిలిన ఇద్దరు సేట్లకు ఫోను చేసిండు. ఎత్తిండ్రు, ముట్టం అన్నరు. పాండేసరా సేటు ఎత్తలే. ఎట్ల ఎత్తుతడు, లైవ్ తయారిల ఉండె.

"అక్కడ ఐతారం పోగులు అతికేటోళ్లు ఉంటరా?" అని అడిగిండు.

"ఉంటరు," అన్నడు దశరథ. "అంతట ఉంటరు. సెలవునాడే గద అతికేది."

"బెల్టు?"

దశరథ తల అడ్డంగ ఊపిండు. "వాళ్లు నీ మాటలు ఇన్లే బావా."

ధవల్ కారు గల్లీల తిప్పేదాక బావ బామ్మర్దులు ఆగలే. దశరథ బైకు తీసిండు. ఈశ్వరయ్య ఎనుక కూసున్నడు, కాళ్లకు చెప్పులు లేవు. ఐతారం బజారు, జనం, రైలు గేటు పడ్డది. మాలుగాడి ఎంత పొడుగున్నదో ఆనాడే తెలిసింది. గేటు లేచేసరికి ఏడుకు ఆరు నిమిషాలు.

పాండేసరా కార్ఖాన షట్టరు సగం కిందికి గుంజి ఉన్నది. దశరథ ఇంజను బంద్ చేసిండు. సప్పుడు లేదు. ఈశ్వరయ్య కిటికి ఊచలు పట్టుకొని లోపలికి చూసిండు. లైట్లు ఉన్నయి. మనుషులు కనబడతలేరు. సాంచాల వరుస. మూడు హ్యాండిళ్ల మీద మూడు తువ్వాలలు. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది, ఒకటి చినిగింది. ఒక్కో సాంచకు ఒక్కో డబ్బా, తన చేతులతోని బిగించినవే. డబ్బా మీద చిన్న దీపం కండ్లు కొడుతుంది. మాట అందింది, ఇప్పుడే లేస్త అని చెప్పే దీపం. సేటు ఏడుదాక ఆగలే, గుండీ ఒత్తేసిండు.

మీటరు బోర్డు బయటి గోడకే ఉన్నది. ఈశ్వరయ్య మెయిను స్విచ్చికి రెండు చేతులు వేసి వేలాడిండు. లైట్లు పోయినయి. లోపల ఒకటో నంబరు మోటరు ఒక్క మూలుగు మూలిగి పండింది. ఫ్యూజులు మూడు పీకి పిడికిట్ల పట్టుకున్నడు.

ఇగ చెవులు పెట్టిండు.

"ఎవడ్రా కరెంటు తీసింది?" లోపలికెల్లి ఒక గొంతు, మన తెలుగే. కింద సాంచ చెక్కకు తల తాకినట్టున్నది, ఇంకో తిట్టు తిట్టిండు.

ఒకటి, అన్నడు ఈశ్వరయ్య.

"అరే, కౌన్ హై బే!" ఇంకో మూలకెల్లి.

రెండు.

మూడో గొంతు రాలే. దశరథ షట్టరు పైకి గుంజి లోపలికి ఉరికిండు. ఈశ్వరయ్య అక్కడ్నే నిలబడ్డడు. పిడికిట్ల ఫ్యూజులు అరచెయ్యికి గుచ్చుకుంటున్నయి. చినిగిన తువ్వాల ఎవలదో తెలువదు. ఎన్ని నిమిషాలాయెనో తెలువదు.

"బావా," అని దశరథ లోపలికెల్లి పిలిచిండు. "మూడోడు చెవుల తీగలు పెట్టుకొని పాటలు వింటున్నడు. ఏం కాలే. మంచిగున్నడు."

ఈశ్వరయ్య మట్టిల కూసున్నడు. కాసేపటికి ముగ్గురు బయటికి వచ్చి మీద పడ్డరు. ఫ్యూజులు ఇయ్యమన్నరు, తిట్టిండ్రు, ఒకడు మెడ మీద చెయ్యేసిండు. సేటు సుత ఫోన్ల ఒర్రుతున్నడు. ఈశ్వరయ్య పిడికిలి ఇప్పలే. ఎదురుంగ చీకట్ల సాంచాలు, వాటి మీద తువ్వాలలు. అటే చూసుకుంట కూసున్నడు.